బడి తెరిచాం, బండి సంగతి చూద్దాం

మే ఆఖరు నుంచి జూన్ ఆఖరు లోపు మన బడులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తేదీన తెరుచుకుంటాయి. హోసూరులో ఒక రోజు, బళ్లారిలో ఒక రోజు, బరంపురంలో, షోలాపూర్‌లో, యానాంలో మరో రోజు. తేదీలు వేరైనా మొదటి రోజు గేటు ముందు కనిపించేది ఒకే దృశ్యం. నాన్న బండి నడుపుతుంటాడు. పెట్రోలు ట్యాంకు మీద యూకేజీ పిల్ల. వెనక మూడో తరగతి అబ్బాయి. వాడి వెనక ఒక పక్కకు తిరిగి కూర్చున్న అమ్మ, ఒళ్లో రెండు సంచులు, చేతిలో క్యారియర్ బుట్ట. హెల్మెట్ అంటూ ఉంటే అది అద్దానికి వేలాడుతుంటుంది.

హోసూరు ప్రాంతంలో ఒక తెలుగు బడిలో పాఠాలు చెప్పేవాళ్లం మేము. ఆ బండి ఆగగానే నవ్వుతూ ఎదురెళ్తాం. పిల్లను ట్యాంకు మీంచి దించుకుంటాం. వేసవిలో ఎక్కడికెళ్లారు, చదివింది ఏమైనా గుర్తుందా అని పలకరిస్తాం. ఒక్క బండిమీద నలుగురు ఎందుకొచ్చారని మాత్రం అడగం. హెల్మెట్ తలకు ఉండాలి గాని అద్దానికి ఎందుకని అనం. కారణం దాచుకోవడం దేనికి? ఆ బండిమీద వచ్చినవాళ్లు మా హాజరు పట్టీలో రెండు పేర్లు. ఆ తండ్రిని నొప్పిస్తే ఆ రెండు పేర్లు పక్క వీధిలో సొంత బస్సున్న ఇంగ్లీషు మీడియం బడికి వెళ్లిపోతాయేమోనని భయం. పిల్లలు తగ్గితే ఒక టీచర్ పోస్టు పోతుంది, ఆ తర్వాత ఒక తరగతి పోతుంది. ఆ లెక్క ఈ పేజీ చదివే ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు.

నిరుడు జూన్‌లో ఆ భయం మాకు సిగ్గుగా మారింది. బడి తెరిచిన రెండో వారం. తొలి జల్లు పడి పావుగంట కాలేదు. గేటుకు ఇరవై అడుగుల దూరంలో, స్పీడ్ బ్రేకర్‌కు రంగు పట్టీలు వేసిన చోట, బ్రేకు పట్టిన బండి జారింది. వేగం పెద్దగా లేదు. తండ్రికి మోచెయ్యి గీసుకుంది. ముందు కూర్చున్న రెండో తరగతి పాప గడ్డం హ్యాండిల్‌కు కొట్టుకుంది, ఆరు కుట్లు పడ్డాయి. "దేవుడు చల్లగా చూశాడు సార్" అన్నాడు తండ్రి. మేమూ అదే అన్నాం. వారం తిరిగాక అదే బండి, అదే ట్యాంకు, అదే పాప, గడ్డానికి కట్టుతో. ఆ రోజు మొదటిసారి అడిగాం, హెల్మెట్ ఏదని. "రెండు కిలోమీటర్లకు హెల్మెట్ ఏల సార్?" అన్నాడాయన. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

మన బడి దూరం వేరు

ముందుగా ఒప్పుకోవలసింది ఒకటుంది. తెలుగు బడి పిల్లలు బండెక్కేది సరదాకు కాదు. విద్యాహక్కు చట్టం ప్రతి పిల్లకూ ఇరుగుపొరుగునే బడి ఉండాలంటుంది. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు 1 కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది వరకు 3 కిలోమీటర్లు అని దూరం రాశారు. కానీ ఆ కొలత వేసేటప్పుడు ఏ మాధ్యమం అని ఎవరూ అడగరు. మన వీధి చివర తమిళ బడో, కన్నడ బడో ఉంటే లెక్కప్రకారం మన పిల్లకు బడి దగ్గరే ఉన్నట్టు. తెలుగు బడి ఊరికి ఆ చివర ఉంటే అది మన సొంత దూరం. ఆ దూరానికి బస్సు వెయ్యాలని ఎవరికీ తట్టదు.

రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే తగిన సౌకర్యాలు కల్పించాలని చెబుతుంది. తగిన సౌకర్యం అంటే గది, బల్ల, పుస్తకం అనే ఇన్నాళ్లూ అనుకున్నాం. పాఠ్యపుస్తకాలు ఆలస్యమైతే అర్జీలు పెట్టాం. టీచర్ పోస్టులు ఖాళీగా ఉంటే ధర్నాలు చేశాం. బడి దాకా ప్రాణాలతో రావడం కూడా ఆ సౌకర్యంలో భాగమేనని ఒక్క అర్జీలోనూ రాయలేదు. అది మన లోపం.

మన భాష కోసం మనం అదనంగా రెండు మూడు కిలోమీటర్లు పోతున్నాం. అంటే రోడ్డుమీద ఉండే సమయం కూడా మనకు అదనమే. పక్కింటి పిల్ల నడిచి వెళ్లే చోట మన పిల్ల సర్వీసు రోడ్డు దాటి, లారీల పక్క నుంచి, జాతీయ రహదారి అంచున వస్తుంది. ఎదురయ్యే ముప్పు ఇతరులకన్నా ఎక్కువ ఉన్నప్పుడు జాగ్రత్త ఇతరులకన్నా తక్కువ ఉండటం ఏం న్యాయం?

రెండు కిలోమీటర్ల లెక్క

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. అంటే రోజుకు 137 మంది. ఈ సంఖ్యలో మనం ఆగి చూడవలసింది ఇంకొకటుంది. ఆ 50,029లో 35,692 మంది బండి నడిపినవాళ్లు, మిగతా 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. నాన్నకు హెల్మెట్ ఉంటే చాలు, వెనకవాళ్లకు ఎందుకనే మాటకు ఈ 14,337 మంది జవాబు.

హెల్మెట్ వల్ల ఎంత మేలనేది కూడా ఊహ కాదు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో హెల్మెట్ తలకు తగిలే గాయాల ముప్పును 69 శాతం, మరణం ముప్పును 42 శాతం తగ్గిస్తుందని తేలింది. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒంటితో పోలిస్తే పిల్లల తల పెద్దది, బరువైనది. పడితే ముందు తలే నేలకు తగులుతుంది.

ఇక రెండు కిలోమీటర్ల మాట. తలకు దెబ్బ తగలడానికి దూరం అక్కర్లేదు, వేగం చాలు. దీన్ని ఏడో తరగతి పిల్లలతో మేము మైదానంలో చేసి చూశాం. ఏ బడిలోనైనా చెయ్యవచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఎన్ని మీటర్లు? 40 వేలను 3,600తో భాగిస్తే దాదాపు 11. ఎదురుగా కుక్క అడ్డం వచ్చిందని కన్ను చూసి, మెదడు గ్రహించి, చెయ్యి బ్రేకు మీద పడటానికి ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ సెకనులో బండి 11 మీటర్లు పోయింది. ఇంకా బ్రేకు పట్టనే లేదు. సుద్దముక్కతో నేలమీద 11 మీటర్ల గీత గీయించాం. గీత ఆ చివర నిలబడిన పిల్ల ఈ చివరి వాళ్లను చూసి "అంత దూరమా!" అంది. గంటకు 60 అయితే గీత 16 మీటర్లు దాటుతుంది. వేగం రెండింతలైతే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. ఆ సాయంత్రం ఎన్ని ఇళ్లలో నాన్నలకు ఈ లెక్క అప్పజెప్పారో మాకు మర్నాడు తెలిసింది. మనం నోటీసు పంపితే చదవని తండ్రి కూతురు చెప్పిన లెక్క వింటాడు.

చట్టం చెప్పేది తెలిసి ఉండాలి

మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. అందులో మన గేటుకు సంబంధించిన నాలుగు మాటలు ప్రతి తల్లికీ తండ్రికీ తెలియాలి. చట్టం కేంద్రానిది కాబట్టి జరిమానా వసూలు తీరులో రాష్ట్రానికీ రాష్ట్రానికీ కాస్త తేడా ఉండవచ్చు గాని, నియమం మాత్రం హోసూరుకైనా సిరొంచకైనా ఒకటే.

ఒకటి, బండి నడిపేవారితో పాటు ఇంకొక్కరే కూర్చోవాలి. పిల్లలు చిన్నవాళ్లు కదా, ఇద్దరు కలిస్తే ఒకరితో సమానమనే లెక్క చట్టంలో లేదు. దాటితే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు.

రెండు, నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, నడిపేవారైనా కూర్చునేవారైనా, హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా ధరించే సిక్కులకు మాత్రమే మినహాయింపు. దీనికీ శిక్ష 1,000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. ఒక్కసారి కట్టే ఆ జరిమానాతో దాదాపు ఒక మంచి హెల్మెట్ వస్తుంది.

మూడు, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు 2022లో వేరే నిబంధన తెచ్చారు. అది 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. వాళ్లకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. సైకిల్ హెల్మెట్ అయినా ఫరవాలేదు. నడిపేవారి ఒంటికి పిల్లను కట్టి ఉంచే బెల్టు ఉండాలి. బండి గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ఎల్‌కేజీలో చేర్చడానికి పిల్లను తీసుకొచ్చే ఇళ్లలో ఈ నిబంధన ఉందని తెలిసినవారు మాకు ఇప్పటిదాకా ఇద్దరే కనిపించారు.

నాలుగు, హెల్మెట్ మీద ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్లు తయారుచేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. అయినా రోడ్డు పక్కన గుట్టలుగా పోసి అమ్ముతూనే ఉన్నారు. అవి పోలీసు నుంచి కాపాడతాయేమో గాని రోడ్డు నుంచి కాపాడవు. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అసలైన హెల్మెట్ కూడా అంతే. పడ్డప్పుడు అది ముందే ఎగిరిపోతుంది. పెద్దవాళ్ల హెల్మెట్ పిల్లకు పెట్టినా ఫలితం అదే. తల ఊపితే హెల్మెట్ కదలకూడదు, అది గుర్తు.

పదో తరగతి కుర్రాడి చేతిలో తాళం

చిన్నపిల్లల సంగతి ఇది. పెద్దపిల్లల సంగతి ఇంకా కష్టం. తొమ్మిది, పది తరగతుల కుర్రాళ్లు స్కూటీ మీద వస్తున్నారు. బడి లోపలికి తెస్తే అడుగుతామని రెండు సందుల అవతల తెలిసినవాళ్ల ఇంటి ముందో, టీ అంగడి పక్కనో నిలిపి నడిచి వస్తారు. మాకు తెలుసని వాళ్లకు తెలుసు. తెలియనట్టు ఉంటామనీ తెలుసు.

వాళ్లనొక్కళ్లనే అనలేం. తండ్రి పొద్దున ఏడింటికే పూల తోటకో ఫ్యాక్టరీకో వెళ్లాలి. తల్లికి బండి రాదు. చెల్లెలు అదే బడిలో నాలుగో తరగతి. ఇంట్లో బండి నడపగలిగిన మగపిల్లవాడు పదిహేనేళ్లవాడు ఒక్కడే. "వాడు జాగ్రత్తగానే నడుపుతాడు సార్" అంటారు. నడుపుతాడేమో. ఎదురొచ్చే లారీ జాగ్రత్తగా నడపాలి కదా.

18 ఏళ్లు నిండితేగాని బండి లైసెన్సు రాదు. 16 ఏళ్లకు 50 సీసీ లోపు బండికి ఇస్తారు గాని ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న స్కూటర్లు ఏవీ ఆ లెక్కలోకి రావు. వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటని, మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండే చిన్న విద్యుత్ బళ్లకు లైసెన్సు అక్కర్లేదు. కానీ వేగం పెరిగేలా దానిలో మార్పు చేయిస్తే ఆ మినహాయింపు పోతుంది.

మైనరు బండి నడిపి తప్పు చేస్తే శిక్ష ఎవరికో వినండి. తండ్రికి, లేదా బండి యజమానికి. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. తనకు తెలియకుండా జరిగిందని, తన జాగ్రత్తలో తానున్నానని నిరూపించుకోవలసిన బాధ్యత కూడా పెద్దవాళ్లదే. ఇంకొకటి. లైసెన్సు లేని పిల్లవాడి బండి ఎవరికైనా తగిలితే, బీమా సంస్థ బాధితులకు ఇచ్చిన పరిహారాన్ని యజమాని దగ్గర తిరిగి రాబట్టుకోవచ్చు. పది గుంటల పొలం ఉన్న ఇంటికి అది ఎంత దెబ్బో చెప్పక్కర్లేదు.

అయితే చట్టం భయంతో ఆగేది కొంతవరకే. పదిహేనేళ్ల కుర్రాడికి స్కూటీ అంటే పెద్దవాడయ్యాననే గుర్తు. ఆ గుర్తును ఇంకో రకంగా ఇవ్వవచ్చు. ఇంటి బండిని వారానికోసారి పరీక్షించే బాధ్యత వాడికే అప్పజెప్పండి. టైర్లలో గాలి, గాడుల అరుగుదల, ముందు వెనక బ్రేకులు, హెడ్‌లైటు, బ్రేకు లైటు, ఇండికేటర్లు, చైను బిగువు. చీటీ రాసి నాన్న చేత సంతకం పెట్టించమనండి. తాళం చేతికి రాకపోయినా బండి వాడి అదుపులోనే ఉంటుంది. పద్దెనిమిది నిండేసరికి బండిని తెలిసినవాడుగా ఎక్కుతాడు.

తొలకరి రోడ్డు

బండికీ రోడ్డుకీ ఏడాదిలో అన్నిటికన్నా చెడ్డ కాలం మనం బడి తెరిచే కాలమే. నెలల తరబడి ఎండిన రోడ్డుమీద దుమ్ము, ఇంజనాయిలు, టైర్ల అరుగు పేరుకుని ఉంటాయి. తొలి జల్లుకు ఇవన్నీ నాని పైకి తేలి సబ్బులా మారతాయి. గట్టి వాన గంటసేపు కురిస్తే కొట్టుకుపోతాయి గాని, చిన్న జల్లు పడిన మొదటి పావుగంట మాత్రం నిజంగా గండమే. బళ్లారి, షోలాపూర్ లాంటి వాన తక్కువ చోట్ల ఈ ముప్పు తక్కువని అనుకోకండి. వాన అరుదైన కొద్దీ రోడ్డుమీద పేరుకునేది ఎక్కువ.

జారే చోట్లు కొన్ని ముందే తెలుసుకోవచ్చు. రోడ్డుమీద వేసిన రంగు గీతలు, ఇనప మూతలు, వంతెనల మీది ఇనప అతుకులు, ఇసుక రాలిన మలుపులు. యానాం పిల్లలకు ఎదుర్లంక వారధి మీద అడ్డగాలి కూడా తోడు. ఇలాంటి చోట ముందే వేగం తగ్గించాలి గాని, వాటి మీదికి వచ్చాక బ్రేకు పట్టకూడదు. తడి రోడ్డుమీద రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా, కాస్త ముందు నుంచే నొక్కాలి. 2019 నుంచి కొత్తగా వచ్చిన చిన్న బళ్లకు ఒక బ్రేకు పట్టితే రెండూ పనిచేసే ఏర్పాటు, 125 సీసీ దాటిన వాటికి చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి చేశారు. మన ఇళ్లలో తిరిగేవి చాలావరకు అంతకు ముందువి. అంటే మన బండికి మన చెయ్యే ఏబీఎస్.

అమ్మలకు ఒక మాట. వెనక కూర్చున్నప్పుడు పైట కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుని జరిగే ప్రమాదాలు మనం వినే ఉన్నాం. వెనక చక్రానికి సగమైనా అడ్డుగా చీర రక్షణ, పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టడానికి మెట్టు ఉండాలని వాహన నిబంధనల్లోనే ఉంది. అందం కోసమో, సర్వీసులో తీసేసి తిరిగి బిగించకనో పోయి ఉంటే ఈ వారమే పెట్టించండి. కొంగు, చున్నీ ముడేసుకుని ఎక్కండి. వానకోటు వదులుగా వేలాడకూడదు. గొడుగు పట్టుకుని బండి మీద కూర్చోవడం అసలు వద్దు. గాలికి గొడుగు తిరిగితే బండి కూడా తిరుగుతుంది.

పిల్లలు తగ్గిపోతారనే భయం

ఇప్పుడు మా అసలు భయానికి వద్దాం. గేటు దగ్గర గట్టిగా ఉంటే పిల్లలు తగ్గిపోతారా?

నిరుడు జులైలో మేము ఒక చిన్న ప్రయత్నం చేశాం. ముందు మా తప్పు దిద్దుకున్నాం. మాలో కొందరం హెల్మెట్ లేకుండా వచ్చేవాళ్లం. టీచరు హెల్మెట్ లేకుండా వచ్చి పిల్లకు హెల్మెట్ పాఠం చెబితే అది పాఠం కాదు, వేళాకోళం. ముందు మేమందరం పెట్టుకున్నాం. ఆ తర్వాతే తల్లిదండ్రులను కూర్చోబెట్టాం. నియమం కాగితం చదవలేదు. మీకు ఏది కష్టం అని అడిగాం.

కష్టాలు మూడే తేలాయి. ముగ్గురు పిల్లలు, ఒకే బండి అన్నది మొదటిది. బస్సు ఉంది గాని వేళకు రాదన్నది రెండోది. పిల్ల ఎదుగుతుంటే ఏటా హెల్మెట్ ఎక్కడ కొనగలమన్నది మూడోది.

మూడోదానికి జవాబు సులువుగా దొరికింది. పాత పాఠ్యపుస్తకాలు కింది తరగతివాళ్లకు ఇచ్చినట్టే, చిన్నదైన హెల్మెట్ బడిలో ఇచ్చి పెద్దది తీసుకునే పద్ధతి పెట్టాం. దెబ్బ తగిలినవి, లోపలి మెత్త పాడైనవి తీసుకోం. ఒకసారి గట్టిగా కొట్టుకున్న హెల్మెట్ పైకి బాగున్నా మళ్లీ కాపాడదు. పూర్వ విద్యార్థులు కొన్ని కొత్తవి కొనిచ్చారు. పలకల పంపిణీకి ఫొటోలు తీయించుకునే దాతలు హెల్మెట్లకూ ముందుకొస్తారు, అడగాలి అంతే.

బస్సు సంగతి ఇంకా నడుస్తోంది. తమిళనాడులో ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు ఉచిత పాసు ఉంది. 2021 నుంచి అక్కడి సాధారణ టౌను బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. కర్ణాటకలో 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కింద ఆడపిల్లలకూ అమ్మలకూ ప్రయాణం ఉచితం. అంటే డబ్బు అడ్డం కాదు, వేళ అడ్డం. బస్సు ఎనిమిదింటికి ఒకటి, పదింటికి ఒకటి ఉంటే తొమ్మిదిన్నర బడికి ఏది పనికొస్తుంది? ఎంతమంది పిల్లలు, ఏ ఊరి నుంచి, ఏ వేళకు అన్న జాబితా కట్టి, తల్లిదండ్రుల సంతకాలతో డిపో మేనేజరుకు అర్జీ ఇచ్చాం. బడి వేళను పావుగంట జరపడానికి మేమూ సిద్ధమన్నాం. అర్జీ స్థానిక భాషలో రాశాం. మన హక్కు అడిగేటప్పుడు ఎదుటివారికి అర్థమయ్యే భాషలో అడగడం చిన్నతనం కాదు.

ముగ్గురు పిల్లల ఇల్లు అన్నిటికన్నా గట్టి చిక్కు. ఒక వీధి పిల్లలు పది మంది ఉన్నచోట ఇద్దరు తల్లులు వంతులవారీగా వెంట ఉండి నడిపించుకొస్తున్నారు. దూరం ఎక్కువైనచోట రెండు మూడు ఇళ్లు కలిసి ఆటో మాట్లాడుకున్నాయి. ఆటోలో పన్నెండు మందిని కుక్కితే అది బండికన్నా మేలేమీ కాదని కూడా చెప్పాం. ఇవేవీ కుదరని ఇళ్లున్నాయి. అలాంటి తండ్రి ఒకాయన రెండు సార్లు తిరుగుతున్నాడు. "పెట్రోలు ఎక్కువవుతోంది సార్" అంటాడు, అయినా తిరుగుతున్నాడు. ఆయనకు మేము చెయ్యగలిగింది మొదటి ట్రిప్పులో దిగిన పిల్లను ముందే గేటు తెరిచి లోపల కూర్చోబెట్టడం. అది చేస్తున్నాం.

ఇంత చేశాక ఒక కుటుంబం మా బడి వదిలి వెళ్లింది. ఆ మాట దాచం. గేటు దగ్గర అడగడం నచ్చలేదన్నారు. బాధపడ్డాం. కానీ ఆరు కుట్ల పాప ఇప్పుడు ఎర్ర హెల్మెట్ పెట్టుకుని నాన్న వెనక కూర్చుని వస్తోంది. మళ్లీ అదే ఎంపిక ఎదురైతే మళ్లీ ఇదే చేస్తాం. ఒక బడి పిల్లల సంఖ్య తగ్గి మూతపడితే మళ్లీ తెరిపించుకోవచ్చు, పోరాడవచ్చు. ఒక పిల్ల పోతే ఏ అర్జీ తిరిగి తేలేదు.

ప్రమాదం జరిగితే

ఇంత జాగ్రత్తపడ్డా ఒకరోజు మన కళ్లముందే ఎవరో పడతారు. తాకితే పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందని జనం దూరంగా నిలబడతారు. ఆ భయం ఇక అక్కర్లేదు. ఆదుకునేవారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016 మార్చిలో ఆమోదించింది. 2019 సవరణలో అది చట్టంలోనే చేరింది. ఆసుపత్రికి చేర్చినవారిని పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. 108కో 112కో ఫోన్ చెయ్యండి. స్పృహ లేనివారి హెల్మెట్‌ను గుంజి తీయవద్దు, మెడ తిప్పవద్దు. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. నోట్లో నీళ్లు పోయవద్దు. ఈ నాలుగు మాటలు ఎనిమిదో తరగతి నుంచి ప్రతి పిల్లకూ నోటికి రావాలి.

మన రోడ్ల మీది బోర్డులు

చివరగా ఒక చిన్న మాట. మన పిల్లలు రోజూ దాటే బోర్డులు పరభాషలో ఉంటాయి. వాటిని చదివి అర్థం చేసుకోవడం కూడా రోడ్డు పాఠమే. తమిళంలో 'మెదువాగ సెల్లవుం' అని ఉంటుంది. మన 'మెల్లగా' దానికి దగ్గరి చుట్టమే అనిపిస్తుంది. కన్నడంలో 'నిధానవాగి చలిసి', అది మన నిదానమే. మరాఠీలో 'వాహనే సావకాశ చాలవా', మన సావకాశమూ అదే. ఒడియాలో 'ధీరే చలాంతు'. నాలుగు భాషల్లోనూ బోర్డు చెప్పేది ఒకటే మాట, ఆ మాటలో సగం మనకు ముందే వచ్చు. ఈ వారం తెలుగు పీరియడులో ఒక అరగంట ఈ నాలుగు బోర్డులూ నల్లబల్ల మీద రాయించండి.

నిదానమే ప్రధానమని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. రేపు పొద్దున బండి తీసే ముందు అద్దానికి వేలాడే హెల్మెట్ తలకెక్కించండి, పిల్లకు ఇంకొకటి. గేటు దగ్గర మేము ఉంటాం. ఈసారి చూడనట్టు ఉండం.